దుంపా? తీగా? ఏరాయిడ్ ప్రియుల తగవుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏరాయిడ్లంటే ఏ మొక్కలు?

ఏరేసీ కుటుంబానికి చెందినవన్నీ ఏరాయిడ్లే. పేర్లు పెట్టిన జాతులే మూడున్నర వేలకు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఉష్ణమండల అడవులవి. కంద, చేమ, మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం, కలేడియం అన్నీ ఒకే ఇంటివి. ఆకులు చూసి చుట్టరికం పోల్చుకోవడం కష్టం. పువ్వు చూస్తే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. మధ్యలో లావుపాటి కంకి, దాని మీద ఒత్తుగా చిన్న చిన్న పువ్వులు, వాటిని కాపు కాస్తూ ఒకే ఒక్క దొప్ప ఉంటాయి. ఆంథూరియంలో పువ్వు అని మనం మురిసిపోయే ఎర్రటి భాగం నిజానికి ఆ దొప్పే.

దుంప పార్టీ, తీగ పార్టీ అంటున్నారు. ఎవరు వీళ్లు?

ఏరాయిడ్లు పెంచేవాళ్లు నలుగురు చేరితే కాసేపటికి రెండుగా చీలిపోతారు. అమోర్ఫోఫాలస్, అరిసేమా, సారోమేటమ్, కలేడియం లాంటివి పెంచేవాళ్లు దుంప పార్టీ. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఎపిప్రెమ్నమ్, రాఫిడోఫోరా, సిండాప్సస్, సింగోనియం లాంటి ఎగబాకే రకాల వాళ్లు తీగ పార్టీ. నేను దుంప పార్టీ మనిషిని, ముందే చెప్పేస్తున్నాను. కింద ఎక్కడైనా పక్షపాతం కనిపిస్తే అది కావాలని చేసిందే.

ఇంతకీ గొడవ దేని గురించి?

పైకి వినిపించేది ఏ మొక్క అందంగా ఉంటుందన్న వాదన. అసలు తేడా కాలంతో ఎలా వేగుతాం అన్నదాంట్లో ఉంది. తీగ పెంచేవాళ్లకు రోజూ ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. కొత్త కణుపు వచ్చిందా, గాలివేరు కర్రను పట్టుకుందా, ఈ ఆకు ముందు ఆకు కంటే పెద్దదా అని చూసుకుంటూ ఉంటారు. దుంప పెంచేవాళ్లు ఏమీ జరగని నెలల్ని కూడా ఇష్టపడతారు. అందుకే ఒకరి సంతోషం ఇంకొకరికి అర్థం కాదు. తీగ పార్టీవాళ్లు మా ఖాళీ కుండీల వరస చూసి, “నీ దుంప తెగ, మట్టిని పెంచుతున్నావా?” అని ఆట పట్టిస్తారు. కర్ర పొడుగు చాలక మూడోసారి అతుకు వేస్తున్న వాళ్లను చూసి మేమూ ఊరుకోం లెండి.

ఖాళీ కుండీలో అంత గొప్ప ఏముంది?

ఇది తీగ పార్టీవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. కాస్త వివరంగానే చెప్పాలి.

అమోర్ఫోఫాలస్ సాధారణంగా ఒక సీజన్‌కు ఒకే ఆకు వేస్తుంది. చూసేవాళ్లు దాన్ని చిన్న చెట్టనుకుంటారు. మచ్చలు మచ్చలుగా ఉన్న కాండం, పైన గొడుగులా విప్పుకున్న కొమ్మలు కనిపిస్తాయి. కానీ ఆ కాండం ఆకు కాడ, ఆ కొమ్మలు ఆకు చీలికలు. ఆ ఒక్క ఆకు కొన్ని నెలలు ఎండ తాగి, సంపాదించిందంతా కిందికి పంపి, పసుపుపచ్చగా మారి పడిపోతుంది. పాత దుంప ఆ ఆకును లేపడంలోనే కరిగిపోతుంది. దాని స్థానంలో కొత్త దుంప తయారవుతుంది. అంటే ప్రతి సీజన్‌లోనూ మొక్క తన దుంపను కొత్తగా కట్టుకుంటుంది. లోపల ఎంత కట్టిందో తవ్వితే గానీ తెలియదు.

ఆ తర్వాత నిద్ర. కొన్ని నెలలు కుండీలో పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు మట్టిని చీల్చుకుని గులాబీ రంగు మొన ఒకటి బయటికి వస్తుంది. అది ఆకా, పువ్వా? ఇక్కడ మొదలవుతుంది టెన్షన్. మొన సన్నగా, నిటారుగా సాగితే ఆకు అయ్యే అవకాశం ఎక్కువ. మొదట్లో ఉబ్బుగా, ఒక పక్క పొట్ట తేలినట్టుంటే పువ్వు కావచ్చు. పైనున్న పొరలు ఒక్కొక్కటే విడిపోయేదాకా గట్టిగా చెప్పలేం. రోజూ వేలితో నొక్కి చూసేవాళ్లున్నారు. అలా చేయకండి, మొన విరిగితే ఆ సీజన్ పోయినట్టే.

దుంపల్ని తూకం వేయడం పిచ్చి కాదా?

కాదు. ఆకు ఎంత బాగా పనిచేసిందో చెప్పేది ఆ తూకమే. పెట్టినప్పటి బరువు, తీసినప్పటి బరువు రాసుకుంటే మట్టి, ఎరువు, వెలుతురు సరిపోయాయా లేదా తేలిపోతుంది. తీగ పార్టీవాళ్లు ఆకు పక్కన చెయ్యి పెట్టి ఫొటో తీసుకోవడం లేదా? అదీ కొలతే, కాకపోతే చెయ్యి సైజు మనిషికో రకం. ఇక తూకంలో అసలు మొనగాడు అమోర్ఫోఫాలస్ టైటానమ్. ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో 2010లో ఒక దుంప 153.9 కిలోలు తూగింది.

తీగలు పైకి ఎక్కేకొద్దీ ఆకులు ఎందుకు పెద్దవవుతాయి?

తీగ పార్టీ దగ్గరున్న అతి గట్టి వాదన ఇదే. ఒప్పుకోక తప్పదు.

అడవిలో ఈ తీగల బతుకు నేల మీద చీకట్లో మొదలవుతుంది. మొక్కలంటే వెలుతురు వైపు పెరుగుతాయని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. కొన్ని మాన్‌స్టెరా మొలకలు మాత్రం ఎదురుగా చీకటి ఎక్కడుందో అటు పాకుతాయి. ఎందుకంటే అడవిలో దట్టమైన చీకటి మచ్చ అంటే లావుపాటి చెట్టు మొదలని అర్థం. కోస్టారికాలో మాన్‌స్టెరా జైగాంటియా మొలకల మీద చేసిన ఈ పరిశీలన 1975లో ప్రచురితమైంది. చెట్టును తాకగానే పద్ధతి మారిపోతుంది. ఇక అక్కడి నుంచి వెలుతురు కోసం పైకి ఎక్కడమే పని.

ఎక్కుతున్నప్పుడు తీగ బాల్యదశ దాటి పెద్దరికంలోకి వస్తుంది. కాండం లావెక్కుతుంది, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది, ఆకు విస్తరిస్తుంది. మాన్‌స్టెరా డూబియా ఇందులో చిత్రమైనది. చిన్నప్పుడు ఆకులన్నీ చెట్టు బెరడుకు అతికించినట్టు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. పెద్దయ్యాక అదే తీగ కాడలు సాచిన, చిల్లులు పడ్డ ఆకులు వేస్తుంది. రెండు దశల్నీ పక్కపక్కన పెడితే ఒకే మొక్క అని నమ్మడం కష్టం. ఇంట్లో కిందికి వేలాడే మనీ ప్లాంట్ ఆకు అరచేతిలో ఇమిడిపోతుంది. అదే తీగ పెద్ద చెట్టు ఎక్కితే ఆకు మూర దాటి, అంచులు చీలుతుంది. వేలాడదీస్తే ఆకులు చిన్నవవుతాయి, ఎక్కిస్తే పెద్దవవుతాయి. దీనికి ఎరువు బదులు కాదు.

మాన్‌స్టెరా ఆకుకు చిల్లులు ఎప్పుడు పడతాయి?

ఆకు చుట్ట విప్పుకోకముందే. ఇంకా మొగ్గలో ఉన్నప్పుడే కొన్ని చోట్ల కణాలు తమంతట తాము చచ్చిపోతాయి. ఆకు పెరిగేకొద్దీ ఆ చిన్న ఖాళీలు పెద్ద చిల్లులవుతాయి. కాబట్టి చిల్లు లేకుండా విచ్చుకున్న ఆకుకు తర్వాత పడుతుందని ఎదురుచూడడం దండగ. పాత ఆకుల్ని వదిలేసి రాబోయే ఆకు కోసం వెలుతురు పెంచండి.

ఎందుకు పడతాయన్నదానికి నాకు నచ్చిన వివరణ 2013లో వచ్చింది. అడవి అడుగున ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. అంతే ఆకు పదార్థాన్ని చిల్లులతో ఎక్కువ మేర పరిస్తే ఏదో ఒక చుక్క తగిలే అవకాశం నిలకడగా ఉంటుంది. గాలి, వాన తట్టుకోవడానికే అనేవాళ్లూ ఉన్నారు.

మినీ మాన్‌స్టెరా అని అమ్మేది మాన్‌స్టెరాయేనా?

కాదు. అది రాఫిడోఫోరా టెట్రాస్పెర్మా, మలేషియా, థాయ్‌లాండ్ ప్రాంతాలది. మాన్‌స్టెరాలు అమెరికా ఖండాలవి.

పువ్వుల విషయంలో ఎవరిది పైచేయి?

మాదే. కానీ తీగ పార్టీవాళ్లు ఊరికే ఒప్పుకోరు కాబట్టి రెండు వైపులా చెప్తాను.

అమోర్ఫోఫాలస్ టైటానమ్‌ను ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒడోఆర్డో బెక్కారీ 1878లో సుమత్రాలో చూశాడు. ఆయన పంపిన గింజల నుంచి వచ్చిన మొక్క ఒకటి 1889లో లండన్ క్యూ గార్డెన్స్‌లో పూసింది. పువ్వు అంటున్నాం గానీ అది వేల పువ్వులున్న ఒక కంకి. మూడు మీటర్ల దాకా లేస్తుంది. కొమ్మలు లేని పూగుత్తుల్లో ఇంతకంటే పెద్దది లేదు. విచ్చుకున్న రాత్రి కుళ్లిన మాంసం కంపు కొడుతుంది. కంకి కొన మనిషి ఒంటి వేడి దాకా వేడెక్కి ఆ కంపును దూరాలకు పంపుతుంది. అది పీనుగ అనుకుని వచ్చే పురుగులే దీనికి పరాగం మోసే కూలీలు. రెండు రోజుల్లో తతంగమంతా ముగుస్తుంది. ఇలాంటిది తీగ పార్టీ దగ్గర ఉందా?

వాళ్ల జవాబు ఫిలోడెండ్రాన్. ఫిలోడెండ్రాన్ సెల్లోయం కంకి మీద 1972లో వచ్చిన అధ్యయనం ప్రకారం, బయట గాలి 4 డిగ్రీలున్నా 39 డిగ్రీలున్నా అది తన లోపలి వేడిని 38 నుంచి 46 డిగ్రీల మధ్య నిలుపుకుంటుంది. కేవలం వేడెక్కడం కాదు, వేడిని అదుపులో పెట్టుకోవడం. అదీ కొవ్వును మండించి! దీనికి మా దగ్గరున్న సమాధానం కొంచెం కుంటిది: ఆ మొక్క పెద్దగా ఎగబాకదు, మాను కట్టి నిలబడుతుంది, పైగా 2018లో దాన్ని థామటోఫిల్లమ్ అనే వేరే ప్రజాతిలోకి మార్చేశారు, కాబట్టి మీ లెక్కలోకి రాదు. ఈ మాట అన్నాక తీగ పార్టీవాళ్ల ముఖాలు చూడాలి.

మాకింకో అస్త్రం ఉంది. సారోమేటమ్ దుంపను మట్టి లేకుండా, నీళ్లు లేకుండా బల్ల మీద పడేసినా పూస్తుంది. దాని కంకి వేడెక్కడానికి తాళం తీసేది సాలిసిలిక్ ఆమ్లమని 1987లో తేల్చారు. ఏ తీగనైనా బల్ల మీద పడేసి చూడండి, ఎండుపుల్ల మిగులుతుంది.

మనీ ప్లాంట్ పూయడం ఎవరూ చూడలేదా?

చాలా అరుదు. తనంతట తాను పూసినట్టు నమోదైన చివరి సందర్భం 1964 నాటిది. పూతను మొదలుపెట్టే జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను అది సరిగా తయారుచేసుకోలేదని 2016లో ఒక పరిశోధన తేల్చింది. బయటి నుంచి ఆ హార్మోన్ చల్లితే పూసింది. అది పూయకుండానే ప్రపంచమంతా పాకేసింది కదా అని తీగ పార్టీవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. పాకిన చాలాచోట్ల అది అడవుల్ని కమ్మేసే కలుపు అయింది, అంత మురిసిపోనక్కర్లేదు.

అరిసేమా మగ నుంచి ఆడకు మారుతుందట, నిజమేనా?

నిజమే. దుంప చిన్నగా ఉన్నప్పుడు మగపూలు పూస్తుంది. దుంప బలిసి, కాయ మోసే శక్తి వచ్చాక ఆడపూలకు మారుతుంది. ఆ ఏడు కాయలు కాసి నీరసించిపోతే మళ్లీ మగ వైపు తిరుగుతుంది.

దగ్గరగా చూస్తే ఇంకో మోసం కనిపిస్తుంది. వాసనకు వచ్చిన చిన్న దోమల్లాంటి పురుగులు దొప్ప లోపలికి జారిపడతాయి. గోడలు నునుపు, పైకి రాలేవు. చాలా జాతుల్లో మగపువ్వు దొప్ప అడుగున రెండు అంచులు కలిసేచోట సన్నటి సందు ఉంటుంది. పురుగు పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడుతుంది. ఆడపువ్వుకు ఆ సందు ఉండదు. తెచ్చిన పుప్పొడి అక్కడ వదిలి, పురుగు అక్కడే చస్తుంది. వాడిపోయిన ఆడపువ్వును చీల్చి చూస్తే అడుగున ఆ శవాలు కనిపిస్తాయి.

ఏ పార్టీకీ లొంగని మొక్కలున్నాయా?

బోలెడు. ఎక్కువ రచ్చ జరిగేది వీటి దగ్గరే.

రెముసేషియా వివిపారా దుంప మొక్క. కానీ తరచుగా చెట్ల మీద, రాళ్ల మీద కాపురం పెడుతుంది. దాని నిటారు కొమ్మల మీద చిన్న చిన్న దుంపమొగ్గలు గుత్తులుగా వస్తాయి. వాటికి కొక్కేలుంటాయి. జంతువుల ఒంటికి తగులుకుని ఊళ్లు తిరుగుతాయి. దుంపా ఉంది, చెట్టూ ఎక్కింది, మరి ఎవరిది? మాదే అంటాం మేము. దానంతట అది ఎగబాకలేదు, జంతువులే ఎక్కించాయి.

జీజీ ప్లాంట్ అని పిలిచే జామియోకల్కస్‌కు మట్టిలో దుంపలాంటి లావుపాటి కాండం ఉంటుంది. రాలిన చిన్న ఆకు కూడా వేరూని మొదట్లో చిన్న దుంప కడుతుంది. దాన్ని దుంప పార్టీలో చేర్చుకోవాలని నా పట్టు. మావాళ్లలోనే కొందరు ఒప్పుకోరు, ఎప్పుడూ పచ్చగా ఉండేది మనదెలా అవుతుందని.

అలొకేసియాలు మొదలు చుట్టూ చిట్టి దుంపలు పెడతాయి, వాటిని తవ్వి మొలిపించుకునేవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. ఫిలోడెండ్రాన్ గ్లోరియోసమ్ ఫిలోడెండ్రాన్ అయ్యుండీ పైకెక్కకుండా నేల మీదే పాకుతుంది. దానికి కర్ర కట్టి హింసించకండి, పొడవాటి తొట్టెలో అడ్డంగా పెట్టండి. ఇక ఇద్దరి పొగరూ దించేది వుల్ఫియా. నీళ్ల మీద తేలే మిల్లీమీటరు పాటి పచ్చటి చుక్క, ప్రపంచంలో అతి చిన్న పూలమొక్క. అదీ ఏరేసీయే. దానికి దుంపా లేదు, తీగా లేదు, వేరు కూడా లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ వైపు వెళ్లాలి?

తీగ వైపు. మా పార్టీవాళ్లు తిట్టినా సరే, నిజం ఇదే. మనీ ప్లాంట్ లేదా సింగోనియంతో మొదలుపెడితే పొరపాట్లు ఆకుల మీద వెంటనే కనిపిస్తాయి, సరిదిద్దుకోవచ్చు. దుంప కుళ్లుతుంటే పైకి ఏమీ తెలియదు. ఆర్నెల్లు ఓపిక పట్టి చివరికి తవ్వితే మెత్తటి ముద్ద చేతికొస్తుంది.

దుంపలతోనే మొదలుపెడతానంటే కలేడియం లేదా అమోర్ఫోఫాలస్ కొంజాక్ తీసుకోండి. కొంజాక్ పిల్లదుంపలు విరివిగా పెడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. పువ్వు వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఉంచుకోకండి, కంపు భరించలేరు.

మట్టి, నీళ్ల దగ్గర తేడా ఏమిటి?

ఇద్దరికీ నీరు నిలవని, గాలి ఆడే మట్టి కావాలి. తేడా అంతా నీళ్ల క్యాలెండర్‌లో ఉంది. తీగలకు మట్టి పైభాగం ఆరగానే పోస్తూ పోవచ్చు. మాస్ పోల్ (నాచు చుట్టిన కర్ర) కట్టి ఉంటే దాన్నీ తడుపుతూ ఉండాలి. ఎండిన నాచును గాలివేరు పట్టుకోదు, పట్టుకోకపోతే కర్ర ఉన్నా లేనట్టే. దుంపలకు ఆకు ఉన్నన్నాళ్లు బాగా తాగించాలి, తిండీ బాగా పెట్టాలి. ఆకు పసుపుకు తిరగగానే తగ్గించి, పడిపోగానే ఆపేయాలి. నిద్రపోతున్న దుంపకు జాలిపడి నీళ్లు పోయడమంటే దాన్ని చేజేతులా చంపుకోవడమే. ఉష్ణమండల రకాలను నిద్రలో కూడా 10 డిగ్రీల కంటే చల్లగా ఉంచకూడదు.

దుంపను ఏ వైపు పైకి పెట్టాలి?

అమోర్ఫోఫాలస్‌కు మొగ్గ ఉన్న గుంట పైకి. కలేడియంకు బుడిపెలున్న వైపు పైకి. తలకిందులైనా చస్తుందని కాదు, చుట్టూ తిరిగి రావడానికి శక్తి, సమయం వృథా. అమోర్ఫోఫాలస్ వేళ్లు కింది నుంచి కాదు, మొగ్గ చుట్టూ పై భాగం నుంచి వస్తాయి. అందుకని పైన కనీసం దుంప ఎత్తంత మట్టి ఉండాలి. కలేడియం మధ్యలో ఉన్న పెద్ద మొగ్గను గిల్లేస్తే పక్క మొగ్గలన్నీ లేచి ఆకులు గుబురుగా వస్తాయి.

దురద గురించి భయపడాలా?

జాగ్రత్తపడాలి. ఏరాయిడ్ కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. చర్మానికి తగిలినా కొందరికి దద్దుర్లొస్తాయి. దుంపలు కోసేటప్పుడు, తీగలు కత్తిరించేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, కంటికి చెయ్యి తగలనివ్వకండి. పాకే పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో రెండు పార్టీల మొక్కలూ అందని ఎత్తులో ఉండాలి. ఈ విషయంలో మాలో మాకు వాదన లేదు. ఏ మొక్కా పెంచకుండా పక్కన నిలబడి ఒకవైపు మాట్లాడేవాళ్లను చూస్తేనే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనిపిస్తుంది.

పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏ పార్టీ?

ఈ కుటుంబాన్ని మొదట ఒక దారిలో పెట్టినవాడు హెన్రిక్ విల్హెల్మ్ షాట్. 1794 నుంచి 1865 దాకా బతికిన ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త, షోన్‌బ్రున్ రాజతోటల అధిపతి. ఫిలోడెండ్రాన్‌కు ఆ పేరు స్థిరపరిచింది ఆయనే కాబట్టి తీగ పార్టీ ఆయన్ను తమవాడంటుంది. దుంప జాతులకూ ఎడాపెడా పేర్లు పెట్టాడు కదా అని మేమంటాం.

రెండు పార్టీలవాళ్లు మొక్కలు మార్చుకుంటే ఏది ఇచ్చి ఏది పుచ్చుకోవాలి?

తీగ ఇస్తున్నవాళ్లు కణుపు ఉన్న ముక్కే ఇవ్వాలి. కణుపు లేని ఆకు కాడ నీళ్లలో వేళ్లు వేస్తుంది, నెలల తరబడి పచ్చగా ఉంటుంది, కానీ కొత్త చిగురు ఎప్పటికీ రాదు. తెలుపు కలిసిన రకమైతే ఆకు కాదు, కాండం చూడండి. కణుపు మొగ్గ దగ్గర పచ్చ, తెలుపు చారలు రెండూ ఉండాలి. పూర్తి తెల్లటి కణుపు నుంచి వచ్చే ఆకులు తమ తిండి తాము తయారు చేసుకోలేవు.

దుంప పుచ్చుకుంటున్నవాళ్లు బొటనవేలితో చుట్టూ నొక్కి చూడండి. ఎక్కడా మెత్తగా ఉండకూడదు, వాసన రాకూడదు. మొగ్గ చెక్కుచెదరకుండా ఉండాలి. నిద్రలో ఉన్నప్పుడే తీసుకోవడం మంచిది, ఆకుతో ఉన్నదాన్ని కదిలిస్తే ఆ సీజన్ కట్టాల్సిన దుంప సగంలో ఆగిపోతుంది. పేరు, బరువు, ఆకు పడిపోయిన నెల ఒక చీటీ మీద రాయించుకోండి. ఆకు లేకుండా చూస్తే దుంపలన్నీ ఒకలాగే ఉంటాయి. ఇచ్చినవాళ్లు తీగ పార్టీ అయితే పేరు రెండుసార్లు సరిచూసుకోండి.